నొప్పి తగ్గింది, చెప్పు జారుతోంది: ఇక ఆపరేషన్ అక్కర్లేదా?

హన్మకొండ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఆమెకు 39 ఏళ్ళు. ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతారు. భర్త డీసీఎం వ్యాను నడుపుతారు, నెలలో సగం రోజులు బయటే ఉంటారు. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం, కూతురు ఎనిమిదో తరగతి. అత్తమ్మ వాళ్ళతోనే ఉంటారు. రేషన్ కార్డు ఉంది.

బతుకమ్మకు ముందు, చేతినిండా ఆర్డర్లున్న రోజుల్లో నీళ్ళ క్యాను ఎత్తబోతే నడుములో కలుక్కుమంది. వారం తిరిగేసరికి నొప్పి నడుము వదిలి కుడి పిర్రలోంచి తొడ వెనకగా పిక్కలోకి, అక్కడి నుంచి పాదం బయటి అంచు దాకా దిగింది. దగ్గినా తుమ్మినా కాలు జివ్వుమని లాగేది. సద్దుల బతుకమ్మ నాడు అందరూ ఆడుతుంటే కుర్చీలో కూర్చుని చూశారు. మొదట ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్లు, మందుల షాపులో గోళీలు అయ్యాయి. ఆ తర్వాత అత్తమ్మ తన పుట్టింటి ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టిన ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళి నడుము మీద తన్నించారు. ఆ రాత్రి పక్క మీద పొర్లలేకపోయారు.

తర్వాత ఎమ్మారై తీశారు. నడుము కింది చివర, ఎల్ 5 – ఎస్ 1 అనే పూసల మధ్య డిస్క్ ఎక్స్‌ట్రూజన్ ఉందనీ, కుడివైపు ఎస్ 1 నరం మీద ఒత్తిడి పడుతోందనీ, పైన ఎల్ 4 – ఎల్ 5 దగ్గర బల్జ్ (డిస్కు కొంచెం ఉబ్బడం) ఉందనీ వచ్చింది. హన్మకొండలో చూసిన సర్జన్ మైక్రోడిసెక్టమీ (జారిన డిస్కు ముక్కను తీసే ఆపరేషన్) చేయించుకోమన్నారు. ఆడబిడ్డ భర్త హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి కనుక్కున్నారు. అక్కడ ‘కోత లేదు, లేజర్, పొద్దున వస్తే సాయంత్రం ఇంటికే’ అన్నారు, ఖర్చు రెండింతలు. మూడో డాక్టర్ రెండు డిస్కులకూ స్క్రూలు వేయాలన్నారు. మామయ్య తమ్ముడు నడుము ఆపరేషన్ తర్వాత మంచం దిగలేదని, మూడు నెలలు కాళ్ళు చచ్చుబడి ఉన్నాక తీసుకెళ్ళినా ఫలితం లేకపోయిందని అత్తమ్మ రోజూ గుర్తు చేస్తున్నారు. భర్త మాత్రం ‘నీ ఇష్టం’ అని ఊరుకున్నారు.

ఉత్తరం చివర ఆమె ఇలా రాశారు: “మూడు వారాల నుంచి నొప్పి సగానికి సగం తగ్గింది మేడమ్. రాత్రి నిద్ర పడుతోంది. అత్తమ్మ మేడారం మొక్కు మొక్కింది, అందుకే తగ్గిందంటోంది. ఇక ఆపరేషన్ మానేయొచ్చా? చేయించుకోక తప్పదంటే చిన్న రంధ్రంతో చేసేదే మంచిదా? ఈమధ్య కుడికాలి చెప్పు ఎప్పుడు జారిపోతోందో తెలియట్లేదు. మిషన్ తొక్కుతుంటే కాలు తొందరగా అలిసిపోతోంది. నాలుగు నెలలు సరిగ్గా పని చేయలేదు కదా, అందుకేనేమో.”

అమ్మా, మీ ఉత్తరం నిండా చుట్టూ ఉన్నవాళ్ళ మాటలే ఉన్నాయి. అత్తమ్మ ఏమన్నారు, ఆడబిడ్డ భర్త ఏమన్నారు, ముగ్గురు డాక్టర్లు ఏమన్నారు అన్నీ రాశారు. మీ కాలి సంగతి మాత్రం చివర రెండు వాక్యాల్లో, అదీ పెద్ద విషయం కాదన్నట్టు రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మీరడిగిన మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు దాని మీదే ఆధారపడి ఉంది.

నేను ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ అయ్యాక నడక సరిచేసుకునేవాళ్ళు, ఆపరేషన్ లేకుండానే బాగుపడేవాళ్ళు, ఇద్దరూ నా దగ్గరికి వస్తారు. అందుకే ఆపరేషన్ పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టను, అందరికీ తప్పదని కూడా అనను.

ముందు మీ నడుములో ఏం జరిగిందో చెప్తాను. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకు బయట గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు ఉంటాయి. నూనెలో వేసిన బూరె పగిలి పూర్ణం బయటికొచ్చినట్టు, ఆ పొర చిరిగి గుజ్జు వెనక్కి, నరం ఉండే వైపు వచ్చింది. రిపోర్టులో ఎక్స్‌ట్రూజన్ అని రాసింది దీన్నే. ఆ గుజ్జు నరాన్ని నొక్కుతుంది, పైగా దానిలో ఉండే రసాయనాల వల్ల నరం వాస్తుంది. మొదటి వారాల్లో మిమ్మల్ని నిద్రపోనివ్వని నొప్పిలో ఈ వాపుది పెద్ద వాటా. బయటపడిన గుజ్జును శరీరం తనది కాని వస్తువుగా చూసి మెల్లగా కరిగించుకుంటుంది. కొంచెం ఉబ్బిన డిస్కుల కన్నా ఇలా పొర దాటి బయటికొచ్చిన పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయి. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో కాలినొప్పి ఆపరేషన్ లేకుండానే తగ్గిపోయేది ఇందుకే. కాబట్టి మీ నొప్పి తగ్గడం నిజంగా మంచి కబురే కావొచ్చు.

అయితే నొప్పి తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. నరం చాలాకాలం నలిగితే మొద్దుబారుతుంది. అప్పుడు నొప్పి కబురు పైకి మోయలేదు, కండరానికి ఆజ్ఞ కిందికి మోయలేదు. నొప్పి తగ్గుతూ బలం పెరుగుతుంటే అది బాగుపడటం. నొప్పి తగ్గుతూ బలం కూడా తగ్గుతుంటే నరం ఓడిపోతోందని అనుమానించాలి. మీ ఉత్తరం చదివితే నాకు ఆ అనుమానమే వస్తోంది. ఎస్ 1 నరం పిక్క కండరాన్ని నడిపిస్తుంది. మునివేళ్ళ మీద లేవడానికీ, మిషన్ తొక్కడానికీ వాడేది ఆ కండరమే. పాదం బయటి అంచుకూ చిటికెన వేలికీ స్పర్శ ఇచ్చేది కూడా ఆ నరమే. చెప్పు జారినా తెలియకపోవడం, తొక్కితే కాలు అలిసిపోవడం, ఎమ్మారైలో ఎస్ 1 మీద ఒత్తిడి, ఈ మూడూ ఒకే చోటిని చూపిస్తున్నాయి. నాలుగు నెలలు పని తగ్గించినందుకే అయితే రెండు కాళ్ళూ అలిసిపోవాలి గానీ కుడికాలు ఒక్కటే ఎందుకు అలిసిపోతుంది?

ఇంట్లోనే కొంత చూసుకోవచ్చు. మీ అమ్మాయిని పక్కన నిలబెట్టుకోండి. గోడకు చేతులు ఆనించి, ఎడమకాలు ఎత్తి, కుడికాలి మునివేళ్ళ మీద మాత్రమే పైకి లేచి దిగండి. అలా పదిసార్లు. తర్వాత ఎడమకాలితో కూడా అంతే చేయండి. మడమ ఎంత ఎత్తు లేస్తోందో మీ అమ్మాయిని చూడమనండి. రెండు కాళ్ళూ ఒకేలా లేస్తే కొంత ఊరట. కుడి మడమ సగమే లేచినా, నాలుగుసార్లకే ఆగిపోయినా, అసలు లేవకపోయినా బలం తగ్గినట్టే. ఆ తర్వాత మడమల మీద నాలుగడుగులు వేయండి. అది ఎస్ 1 పైన ఉండే ఎల్ 5 నరం సంగతి చెప్తుంది. నొప్పి వస్తే బలవంతం చేయొద్దు, ఆపేయండి. ఇది డాక్టర్ చేత్తో చేసే పరీక్షకు బదులు కాదు. ఆ పరీక్ష మీరు ఎంత తొందరగా చేయించుకోవాలో ఇది చెప్తుంది. లేవకపోతే రేపే వెళ్ళండి, లేచినా ఈ వారంలో వెళ్ళండి. ఎమ్మారై తీసినప్పటికి మీకు చెప్పు జారడం మొదలు కాలేదు. ఆ రోజు ఆ బొమ్మ చూసి చెప్పిన మాట మీద ఇవాళ నిర్ణయం తీసుకోకూడదు.

షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. షుగర్ వల్ల కూడా చెప్పు జారినా తెలియదు, కాకపోతే అది మామూలుగా రెండు పాదాల్లోనూ వస్తుంది. ఎలాగూ రక్తపరీక్ష చేయించాలి కాబట్టి దాన్నీ చూపించుకోండి. ఆపరేషన్ అయితే పుండు మానడానికీ, ఇన్ఫెక్షన్ రాకుండా ఉండటానికీ షుగర్ అదుపులో ఉండటం ముఖ్యం.

ఇంకో విషయం సిగ్గుపడకుండా అడుగుతాను, మీరూ సిగ్గుపడకండి. మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం, ఎంత ప్రయత్నించినా రాకపోవడం, తెలియకుండా కారిపోవడం, మలం ఆపుకోలేకపోవడం, కడుక్కునేటప్పుడు ఆ భాగంలో స్పర్శ లేకపోవడం, రెండు కాళ్ళూ బలహీనపడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపు చూద్దాం అనుకోవద్దు. వెన్ను చివర ఉండే నరాల కట్ట మొత్తం నలిగిపోతోందని అర్థం. గంటలు కూడా లెక్కే. అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఆడవాళ్ళు ఈ లక్షణాలు ఇంట్లో చెప్పుకోలేక రెండు మూడు రోజులు దాచుకుంటారు. ఆ రెండు మూడు రోజుల్లో పోయింది తర్వాత తిరిగి రాకపోవచ్చు. మీ అమ్మాయికీ అత్తమ్మకూ కూడా ఈ మాట ఇవాళే చెప్పి ఉంచండి.

ఇప్పుడు మీ ముందున్న దారుల గురించి.

డాక్టర్ పరీక్షలో బలం బాగా తగ్గిందనో, వారం వారం తగ్గుతోందనో తేలితే నా అభిప్రాయం ఆపరేషన్ వైపే. నరం ఎక్కువ కాలం నలిగేకొద్దీ బలం తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. ఈ పరిస్థితిలో ఆగితే పోయేది మీ జీవనాధారమైన కాలి బలం. అయినా చేయించుకోగానే అన్నీ తిరిగొస్తాయని అనుకోకండి. కాల్లోకి లాగే నొప్పి చాలామందికి రోజుల్లోనే తగ్గుతుంది. బలం రావడానికి నెలలు పట్టొచ్చు. తిమ్మిరి ఇంకా ఆలస్యంగా పోతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. నడుము నొప్పి సంగతి వేరు. ఈ ఆపరేషన్ కాలినొప్పి కోసం, నరం కోసం చేసేది. నడుము పట్టేయడం తర్వాత కూడా అప్పుడప్పుడు ఉండొచ్చు. ఈ మాట ముందే తెలియనివాళ్ళు ఆపరేషన్ ఫెయిలైందని బాధపడటం నేను చూస్తుంటాను.

బలం నిలకడగా ఉంది, కొంచెమే తగ్గింది లేదా తిమ్మిరి ఒక్కటే ఉంది అని తేలితే ఆగడానికి మీకు హక్కుంది. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కాలినొప్పితో ఆరు నుంచి పన్నెండు వారాలు బాధపడిన 283 మందిని తీసుకుని, సగం మందికి తొందరగా ఆపరేషన్ చేసి, మిగతా సగాన్ని మందులతో ఆగమన్నారు. 2007లో ఆ ఫలితాలు వచ్చాయి. తొందరగా చేయించుకున్నవాళ్ళకు నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులవాళ్ళూ దాదాపు ఒకేలా కోలుకున్నారు. ఆగమన్నవాళ్ళలో వందకు 39 మంది మాత్రం ఆగలేక మధ్యలో ఆపరేషన్‌కు వెళ్ళారు. అంటే ఆగడం తప్పు కాదు, కాకపోతే అందరివల్లా కాదు. మీకు నాలుగు నెలలు ఇప్పటికే దాటాయి, పైగా కాలు బలహీనమవుతున్న సూచన ఉంది. అందుకని ఈ లెక్కను మీకు మీరు పూర్తిగా అన్వయించుకోవద్దు.

ఆగితే ఊరికే ఆగకూడదు. డాక్టర్‌తో మాట్లాడి నాలుగు వారాలో ఆరు వారాలో ఒక గడువు పెట్టుకోండి. ప్రతి ఆదివారం ఆ మునివేళ్ళ పరీక్ష చేసి ఎన్నిసార్లు లేచారో క్యాలెండర్ మీద రాయండి. సంఖ్య పెరుగుతుంటే ఆగినందుకు ఫలితం ఉన్నట్టే. తగ్గుతుంటే గడువు దాకా చూడకుండా వెళ్ళండి. ఈ లోపు మంచానికి అతుక్కుపోవద్దు, రోజుల తరబడి పడుకుంటే కండరాలు ఇంకా నీరసపడతాయి. నడవండి. నడుము బెల్టు ప్రయాణాల్లో, కాసేపు తప్ప వద్దు. తన్నించుకోవడం, తొక్కించుకోవడం మాత్రం ఇక ఎవరు చెప్పినా వద్దు. పొర చిరిగి గుజ్జు బయటికొచ్చిన చోట అలాంటి దెబ్బ పడితే ముక్క ఇంకా జరిగి నరాల మీద పడే ప్రమాదం ఉంది. ఇంత నొప్పిలో ఉన్న కోడలికి ఏదో ఒకటి చేయాలనే మీ అత్తమ్మ ఆ పని చేయించి ఉంటారు. ఆమెతో ఆ మాట కోపంతో కాకుండా చెప్పండి.

నరం దగ్గర వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెప్తారు. అది వాపు తగ్గించి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు నొప్పి తగ్గిస్తుంది. నొప్పి వల్ల ఆగలేనివాళ్ళకు అది పనికొచ్చే మెట్టు. ఇప్పుడు మిమ్మల్ని పీడిస్తున్నది బలహీనత, ఈ ఇంజక్షన్ బలాన్ని తెచ్చిపెట్టదు. షుగర్ ఉంటే కొన్ని రోజులు పెరుగుతుంది కూడా. నాలుగు నెలలుగా మందుల షాపు గోళీలు మింగుతున్నారు కాబట్టి కడుపు మంట, కిడ్నీల సంగతి డాక్టర్‌కు చెప్పి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. నరాల నొప్పికి ఇచ్చిన గోళీలు కూడా ఉంటే వాటిని మాత్రం ఉన్నట్టుండి మానేయొద్దు, అడిగి తగ్గించుకోవాలి.

ఇక పెద్ద కోతా, చిన్న రంధ్రమా అన్న మీ ప్రశ్న. హన్మకొండ సర్జన్ చెప్పిన మైక్రోడిసెక్టమీ కూడా పెద్ద కోత కాదు. నడుము మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెట్టి, కండరాన్ని పక్కకు జరిపి, మైక్రోస్కోపులో చూస్తూ బయటికొచ్చిన ముక్కను తీస్తారు. డిస్కు మొత్తం తీసేయరు. దీనికి మామూలుగా పూర్తి మత్తు ఇస్తారు. ఎండోస్కోపీ పద్ధతిలో సెంటీమీటరు లోపు రంధ్రంలోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి, నీళ్ళు పారిస్తూ తీస్తారు. చాలాచోట్ల మనిషి మెలకువగా ఉండగానే చేస్తారు. కండరానికి దెబ్బ తక్కువ, ఇంటికి తొందరగా వెళ్ళొచ్చు. నెదర్లాండ్స్‌లోనే ఆరు వందల మందికి పైగా రోగులతో చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాది తర్వాత కాలినొప్పి విషయంలో ఎండోస్కోపీ మామూలు మైక్రోడిసెక్టమీకి తీసిపోదని తేలింది. కండరాల్ని చీల్చకుండా గొట్టం దించి చేసే ఇంకో పద్ధతి ఉంది. దాన్ని మామూలు పద్ధతితో పోల్చి చూస్తే గాటు చిన్నదైనంత మాత్రాన మెరుగైన ఫలితం రాలేదని 2009లో తేలింది.

కాబట్టి గాటు సైజు చూసి రెండింతల డబ్బు పెట్టక్కర్లేదు. ఆ పద్ధతి ఆ సర్జన్‌కు బాగా అలవాటైనదా అన్నది చూడండి. అలవాటున్న చేతిలో రెండూ మంచివే. ఎండోస్కోపీ నేర్చుకోవడానికి సమయం పడుతుంది, అప్పుడప్పుడు చేసే చోట కన్నా తరచూ చేసే చోటే చేయించుకోవాలి. మీ డిస్కు ఎల్ 5 – ఎస్ 1 కాబట్టి ఒక ప్రశ్న ప్రత్యేకంగా అడగండి. పక్క నుంచి గొట్టం పంపే పద్ధతికి అక్కడ తుంటి ఎముక అంచు అడ్డొస్తుంటుంది. ‘నాకు పక్క నుంచి వెళ్తారా, వెనక నుంచి వెళ్తారా, ఎముక అడ్డొస్తే ఏం చేస్తారు?’ అని అడగండి. తరచూ చేసే డాక్టర్ మీ ఎమ్మారై ఫిల్ము చూపించి చెప్తారు. న్యూరో సర్జనా, ఎముకల డాక్టరా అన్న బెంగ వద్దు. వెన్ను ఆపరేషన్లలో శిక్షణ ఉండి, తరచూ చేసేవాళ్ళు ఇద్దరిలో ఎవరైనా సరే.

లేజర్ అన్న మాట దగ్గర ఆగి అడగండి. ఎండోస్కోపీ చేస్తూ లేజర్‌ను ఒక పనిముట్టుగా వాడటం వేరు. సూది గుచ్చి లేజర్‌తో డిస్కు లోపలి గుజ్జును ఆవిరి చేయడం వేరు. ఆ రెండోది పొర చిరగకుండా లోపలే ఉన్న డిస్కుల కోసం ఉద్దేశించింది. మీది పొర దాటి బయటికొచ్చింది. ‘నరం మీద ఉన్న ముక్కను కళ్ళతో చూస్తూ తీస్తారా?’ అన్న ఒక్క ప్రశ్నతో విషయం తేలిపోతుంది.

స్క్రూల సలహాకు నేను ఒప్పుకోను, కనీసం ఇప్పుడున్న వివరాలతో. మొదటిసారి డిస్క్ జారినప్పుడు, పూస పూస మీద నుంచి జరగనప్పుడు, వెన్ను కదిలిపోతుందన్న ఆధారం లేనప్పుడు మామూలుగా స్క్రూలతో బిగించాల్సిన పని లేదు. పైన ఉన్న ఎల్ 4 – ఎల్ 5 బల్జ్ చూసి భయపడకండి. నొప్పి ఏమీ లేనివాళ్ళ స్కానింగ్‌లన్నీ కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో 40 ఏళ్ళ వయసువాళ్ళలో సగం మందికి అలాంటి బల్జ్ కనిపించింది. మీ బాధంతా ఎస్ 1 నరం దారిలోనే ఉంది కాబట్టి పై డిస్కును ముట్టుకోవాలనే డాక్టర్ దానికి కారణం చూపించాలి. ముందుకు, వెనక్కి వంగి తీసిన ఎక్స్‌రేలో పూసలు జరుగుతున్నాయా అని అడగండి. సరైన జవాబు లేకపోతే ఇంకో అభిప్రాయం తీసుకోండి.

ప్రమాదాలు లేవని ఎవరైనా అంటే నమ్మొద్దు. వందలో ఐదు నుంచి పది మందికి అదే డిస్కు మళ్ళీ జారొచ్చు, వాళ్ళలో కొందరికి రెండో ఆపరేషన్ పడొచ్చు. నరాల చుట్టూ ఉండే పొర చిరిగి నీరు కారడం వందలో కొద్దిమందికి జరుగుతుంది, చాలావరకు అక్కడే సరిచేస్తారు. ఇన్ఫెక్షన్ వందకు ఒకరి లెక్కలో ఉంటుంది. కాళ్ళు పూర్తిగా చచ్చుబడటం చాలా అరుదు.

మామయ్య తమ్ముడి సంగతి. ఆపరేషన్‌కు ముందే మూడు నెలలు ఆయన కాళ్ళు పని చేయలేదని మీ అత్తమ్మే చెప్తున్నారు. అంటే మంచం ఎక్కింది ఆపరేషన్ వల్ల కాదు, ఆపరేషన్‌కు ముందే ఎక్కారు. ఆయనది డిస్కో, వెన్ను టీబీనో, గడ్డో, దెబ్బో నాకు తెలియదు, మీకూ తెలియదు. పాత కాగితాలు ఉంటే చూడండి. ఆయన కథ నుంచి ఏమైనా నేర్చుకోవాలంటే నాకు కనిపించేది ఆలస్యం గురించే. ఇదే మాట అత్తమ్మతో మీరు కాకుండా డాక్టర్ చెప్తే బాగుంటుంది. ఈసారి ఆమెను వెంట తీసుకెళ్ళండి. ఆమె భయాలన్నీ డాక్టర్ ముందు అడగనివ్వండి. మరిదిని పోగొట్టుకున్నట్టు చూసిన మనిషి భయం అది, వాదనతో పోదు.

డబ్బు విషయం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. పథకంలో ఉన్న ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరు కూర్చుంటారు. రేషన్ కార్డు, ఆధార్, ఎమ్మారై చూపించి, మీకు రాసిన ఆపరేషన్ పేరు చెప్పి, అది వస్తుందా, ఏ పద్ధతి వస్తుంది, చేతి నుంచి పెట్టాల్సింది ఏమైనా ఉందా అని అడగండి. అడ్వాన్సు కట్టకముందే అడగాలి. వరంగల్‌లోని ప్రభుత్వ ఎంజీఎం ఆసుపత్రిలోనూ, కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలో ఉన్న సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలోనూ సంబంధిత ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని వెళ్తే రెండో అభిప్రాయం దాదాపు ఖర్చు లేకుండా వస్తుంది. హైదరాబాదే కావాలనుకుంటే నిమ్స్ ఆసుపత్రి కూడా ఉంది, అక్కడ వరుసలో వేచి ఉండాలి. బలం తగ్గుతుంటే ఆ వేచి ఉండటాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఇంకో మాట: హైదరాబాద్‌లో చేయించుకుని అదే సాయంత్రం సుమారు నూట యాభై కిలోమీటర్లు కూర్చుని రావడం మంచిది కాదు. ఒకటి రెండు రోజులు ఆడబిడ్డ ఇంట్లో ఉండి, వచ్చేటప్పుడు మధ్యలో ఆగి నడుస్తూ రండి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే పెద్దదిగా కనిపిస్తోంది. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఇల్లు ఎలా నడుస్తుంది? అదే రోజో మర్నాడో నడిపిస్తారు, నడక మంచిదే. వంగడం, మెలి తిరగడం, బరువెత్తడం మాత్రం ఆరు వారాల దాకా వద్దు. నీళ్ళ క్యాను, గ్యాస్ సిలిండర్, తడిబట్టల బకెట్, కింద కూర్చుని కూరగాయలు తరగడం అన్నీ ఇంకొకరు చేయాలి. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే దాని మీద పెట్టే కుర్చీ ముందే తెచ్చుకోండి. మొదట్లో ఒక్కసారికి ఇరవై నిమిషాలకు మించి కూర్చోకూడదు. అంటే మూడు నాలుగు వారాల దాకా కుట్టుపని లేనట్టే, ఆ తర్వాత కూడా అరగంట కుట్టి లేచి నడవాలి. భార్యాభర్తల కలయిక గురించి ఎవరూ అడగరు గానీ అందరికీ సందేహం ఉంటుంది. కొన్ని వారాలు ఆగి, నొప్పి లేకపోతే, మీ నడుము మీద భారం పడకుండా మొదలుపెట్టొచ్చు.

ఆపరేషన్ చేయించుకున్నా లేకున్నా పనిచేసే తీరు మార్చుకోవాలి. బట్ట నేల మీద పరిచి కటింగ్ చేస్తున్నట్టయితే అది ఇవాళే మానేయండి, నడుము ఎత్తు బల్ల చేయించుకోండి. మిషన్‌కు మోటారు బిగించుకుంటే కాలికి శ్రమ తగ్గుతుంది, పెడల్‌ను ఎడమకాలి వైపు పెట్టుకోవచ్చు. ఆపరేషన్‌కు వెళ్ళాల్సి వస్తే పెళ్ళిళ్ళ ఆర్డర్లు కొన్ని తోటి టైలర్‌కు ఇచ్చేయండి. మేడారం మొక్కు ఉండనే ఉంది. బెల్లం మూట మీ అబ్బాయి మోస్తాడు, మీరు డాక్టర్ సరేనన్నాకే ప్రయాణం పెట్టుకోండి.

మీ భర్త ‘నీ ఇష్టం’ అన్నది పట్టించుకోకపోవడమో, తప్పు జరిగితే తన మీద పడుతుందన్న భయమో ఉత్తరం చూసి నేను చెప్పలేను. నిర్ణయం మీదే, అది సరైనదే, నడుము మీది. ఆ తర్వాతి పని మాత్రం ఆయనది కూడా. ‘ఏం చేద్దాం’ అని అడిగితే మళ్ళీ అదే జవాబు వస్తుంది. ‘ఫలానా తారీఖు నుంచి రెండు వారాలు లోడు ఒప్పుకోవద్దు, నీళ్ళు, సిలిండర్ నువ్వు చూసుకో, అబ్బాయి ఫీజు గడువు నువ్వు వెళ్ళి మాట్లాడు’ అని విడివిడిగా అడగండి. ఆయన ఊళ్ళో ఉన్న రోజు చూసుకునే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కాలు లేవకపోతే మాత్రం ఆయన కోసం ఆగకుండా అత్తమ్మనో అబ్బాయినో తీసుకుని వెళ్ళండి.

వెళ్ళేటప్పుడు ఎమ్మారై రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ఎమ్మారై ఫిల్ములు, సీడీ, రక్తపరీక్షలు, ఇప్పటిదాకా వాడిన గోళీల అట్టలు అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి. గదిలోకి వెళ్ళగానే నొప్పి గురించి కాకుండా చెప్పు జారడం గురించి ముందు చెప్పండి. ఎమ్మారై తీసి చాలా రోజులైంది కాబట్టి మళ్ళీ తీయాలా అని కూడా అడగండి.